హాస్యనటుడు బెర్టు విలియమ్సు

తెర లేచుటకు ముందు ప్రతి నటుడును అద్దము నెదుట కూర్చుండి ముఖమునకు రంగు పూసికొనును. బీదవాడు రాజగుటకును, పడుచువాడు ముసలివాడగుటకును ఆ రంగు పనికివచ్చును. ఇందులో వింత యేమియు లేదు. కాని నల్లజాతిలో పుట్టిన ఒక నటుడు నల్లవాని వేషము కట్టుటకై తన ముఖమునకు మసి పూసికొనవలసివచ్చెననిన వింతయే గదా! ఒకనాడు గాదు, రెండునాళ్లు గాదు, ఇరువదియైదు సంవత్సరములకు పైగా ఆయన ఆ పని చేసెను. ఆయన పేరు బెర్టు విలియమ్సు. ఆ కాలమున అమెరికా దేశమునందు ఆయనను మించిన హాస్యనటుడు లేడని తోటి నటులే ఒప్పుకొనిరి.

ఆయన పాటలను గ్రామఫోను రికార్డులపై దేశమంతట వినిరి. ఇంగ్లండు రాజభవనమున ఆయన ఆడెను. మూకీ చిత్రములు పుట్టి నడకలు నేర్చుచున్న దినములలోనే కెమెరా యెదుట నిలిచెను. అయినను పేరు వచ్చిన పిమ్మట ప్రేక్షకుల యెదుట తన స్వంత ముఖముతో నిలిచి నటించు భాగ్యమునకు మాత్రము ఆయన నోచుకొనలేదు.

ఆయన పూర్తి పేరు ఎగ్బర్టు ఆస్టిను విలియమ్సు. 1874వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బహామా దీవులలోని నస్సౌ పట్టణమున జన్మించెను. ఆ దీవులు నాడు బ్రిటిషువారి యేలుబడిలో నుండెను. అచ్చట బానిసత్వము 1834లోనే రద్దయ్యెను. పిల్లవాడు చిన్నతనముననే తల్లిదండ్రులతో అమెరికాకు వలసపోయెను. మొదట ఫ్లోరిడాలోను, తరువాత కాలిఫోర్నియాలోని రివర్‌సైడు పట్టణములోను ఆ కుటుంబము కాపురముండెను. అమెరికాలో బానిసత్వము పోయి అప్పటికి ఇరువది యేండ్లే. చట్టము మారెను గాని మనసులు మారలేదు. దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి బడి వేరు, రైలుపెట్టె వేరు. ఈ వేరుపాటు ధర్మవిరుద్ధము కాదని 1896లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమే తీర్పు చెప్పెను.

విలియమ్సు ఆజానుబాహుడు. ఒడలిచాయ కొంత తేట. మాట నెమ్మది, ఇంగ్లీషు శుద్ధము. అమెరికా దక్షిణదేశపు నల్లవారు మాటాడు యాస ఆయనకు ఇంటిభాష కాదు. దానిని పరాయిభాషను వలె చెవియొగ్గి నేర్చుకొంటినని తరువాతి కాలమున ఆయనయే చెప్పుకొనెను. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలయును. జనులు ఆయనయందు చూచి నవ్విన మనిషి వేరు, ఆయన వేరు.

ఆ మనిషి యెవడో తెలియవలెనన్నచో అమెరికా నాటకరంగపు చరిత్రలో ఒక మెట్టు వెనుకకు పోవలయును. 1830 ప్రాంతమున థామసు రైసు అను తెల్లనటుడు సీసాబిరడాల బెండును కాల్చి, ఆ మసిని ముఖమునకు పూసికొని, చిరుగుబట్టలు కట్టి, కుంటినడకతో ఒక నల్లవానిని అనుకరించి గంతులు వేసెను. ఆ పాత్రకు జిమ్ క్రో అని పేరు. జనులు విరగబడి నవ్విరి. దానిని చూచి మసిముఖముల తెల్లవారి మేళములు ఊరూర వెలసినవి. వీటిని మిన్‌స్ట్రల్ ప్రదర్శనములనిరి. సోమరి, తిండిపోతు, కోళ్లదొంగ, పిరికివాడు - వీరందరిని ఒక్క మూసలో పోసి, నల్లవాడన్న నిట్లుండునని ఆ మేళములవారు చూపిరి. నల్లవారిని వేరుచేసి యుంచు చట్టములకు కూడ తరువాత జిమ్ క్రో చట్టములనియే పేరు వచ్చెను. ఒక నాటకపాత్ర పేరు చట్టములకు అంటుకొనుట లోకమున అరుదు.

అంతర్యుద్ధానంతరము నల్లవారు కూడ ఈ మేళములలో ప్రవేశించిరి. మరియొక త్రోవ వారికి తెరచి యుండలేదు. అయితే ప్రేక్షకులకు అలవాటైన నల్లవాడు మసిముఖపు నల్లవాడు. అందుచేత నిజమైన నల్లవారును మసి పూసికొనవలసివచ్చెను. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు తెరమీదికి రాగానే, వాడు ఏమియు పలుకకమునుపే పిల్లలు నవ్వుదురు. ఆ రూపమే నవ్వునకు సంకేతము. మసిముఖము అట్టి సంకేతమయ్యెను. కాని కేతిగాడు ఒక జాతికి ప్రతినిధి కాడు. వాని వెక్కిరింత వలన వీథిలో నెవ్వరికిని దెబ్బలు తగులవు. భేదమంతయు అచ్చటనే యున్నది.

విలియమ్సు 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున నొక మిన్‌స్ట్రల్ మేళమున చేరెను. అచ్చటనే జార్జి వాకరుతో స్నేహము కలిసెను. వాకరు కాన్సాసు రాష్ట్రపు యువకుడు. చురుకైనవాడు, నృత్యమున దిట్ట, మాటకారి. ఇరువురును జంటగా ఆడసాగిరి. మొదట వాకరు హాస్యగాడు, విలియమ్సు అతనికి మాట అందించువాడు. కొంతకాలమునకు గాని ఈ పంపకము తలక్రిందులుగా నున్నదని వారికి తోచలేదు.

ఆ దినములలో జరిగిన యొక సంగతిని వాకరు తరువాత వ్రాసియుంచెను. 1894లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నొక గొప్ప ప్రదర్శన జరిగెను. పశ్చిమ ఆఫ్రికాలోని డహోమీ రాజ్యమునుండి మనుష్యులను తెచ్చి, వారి గుడిసెలలో వారినుంచి, జనులకు చూపుట అందులో నొక యేర్పాటు. డహోమీ నేడు బెనిను అను పేర బరగుచున్నది. ఓడ ఆలస్యమై ఆఫ్రికావారు సమయమునకు చేరలేదు. నిర్వాహకులు ఊరిలోని నల్లయువకులను కుదుర్చుకొని, తోళ్లు కట్టబెట్టి, వీరే డహోమీవారని కూర్చుండబెట్టిరి. విలియమ్సును వాకరును ఆ కూలికి కుదిరినవారే. కొన్ని వారములకు నిజమైన డహోమీవారు వచ్చిరి. వీరికి పని పోయెను గాని లోపలికి పోయి వచ్చు అనుమతి యుండెను. వారిని చూచి, వారి పాటలు విని, మిత్రులిద్దరును చిరకాలము ఆలోచించిరి. ఏనాటికైనను తమకు స్వంత మేళ మేర్పడినచో ఆఫ్రికా విషయమునే నాటకముగా నాడవలెనని నిశ్చయించుకొనిరి. తొమ్మిదేండ్లకు ఆ మాట నిలుపుకొనిరి.

ఈలోపల బ్రతుకుతెరువు గావలయును గదా. మసి పూసికొన్న తెల్లవారు ఎక్కడ చూచినను నల్లవారిగా చెలామణి యగుచుండిరి. కావున మిత్రులిద్దరును, మేము అసలైనవారమని ప్రకటనలు వేసికొనిరి. ఆ ప్రకటనలో నల్లవారిని హీనపరచు తిట్టుమాటనే వాడిరి. ఆ మాట లేనిదే టిక్కెట్టు అమ్ముడుపోదు. వారి పట్ల దోషమెంచువారు ఆనాటి కూలిరేట్లను కూడ తలచుట న్యాయము.

1896లో డెట్రాయిటు నగరమున విలియమ్సు మొదటిసారి ముఖమునకు మసి పూసికొనెను. అంతవరకు తాను ఎట్లు నవ్వింపవలయునో ఆయనకు తెలియలేదు. ఆ రాత్రి పాటకు జనులు పగలబడి నవ్విరి. ఇరువది రెండేండ్ల తరువాత నొక పత్రికలో వ్రాసిన వ్యాసమున ఆయన దీనిని గూర్చి వివరించెను. తన్ను తాను పరాయివానిగా చూచుకొనగలిగిన దాక తనలోని హాస్యము మేలుకొనలేదట. కష్టము తనకు వచ్చిన దుఃఖము, ఎదుటివానికి వచ్చిన హాస్యము. తన కష్టమునే ఎదుటివాని కష్టమును వలె చూచుకొనగలవాడు హాస్యగాడని ఆ వ్యాసపు సారాంశము. మసి ఆయనకు ఆ దూరమును కల్పించెను. కావున దానిని కేవలము సంకెల యనుటకు వీలులేదు. అది ఆయన పనిముట్టు. ఆ పనిముట్టునే జీవితాంతము క్రింద పెట్టనీయకుండుట మాత్రము సంకెల.

అదే యేడు వారు న్యూయార్కు చేరిరి. అచ్చటి కోస్టర్ అండ్ బయల్ శాలలో వారు ఆడిన కేక్‌వాక్ అను నృత్యము ఊరంతటిని ఊపివేసెను. ఈ నృత్యము పుట్టుక చిత్రమైనది. బానిసత్వకాలమున తోటలలో పనిచేయు నల్లవారు తమ యజమానుల డాంబికపు నడకలను వెక్కిరించుచు ఆడిన ఆట యది. గెలిచిన జంటకు రొట్టె బహుమానము. దానిలోని వెక్కిరింత ఎరుగక తెల్లదొరలు దొరసానులు తామే దానిని నేర్చుకొనసాగిరి. కోటీశ్వరుడైన విలియం వాండర్‌బిల్టు కూడ నొక విందులో కేక్‌వాక్ ఆడెనని విని, 1898లో మిత్రులిద్దరును చక్కగా దుస్తులు ధరించి ఆయన మేడకు పోయి, 50 డాలర్ల పందెముతో పోటీకి రమ్మని లేఖ ఇచ్చి వచ్చిరి. ఆయన రాలేదు. పత్రికలు మాత్రము వచ్చినవి.

ఇట్లని వీథిలో వారికి మర్యాద పెరిగినదని యెంచరాదు. 1900 సంవత్సరము ఆగస్టులో న్యూయార్కున తెల్లమూకలు నల్లవారిపై విరుచుకొనిపడినవి. ఆ రాత్రి పేరుగల నల్లనటులను పట్టుకొని కొట్టవలెనని మూకలు కేకలు వేసినవట. వాకరు వారి చేతులలో పడి దెబ్బలు తినెను.

1903 ఫిబ్రవరి 18వ తేదీన న్యూయార్కు థియేటరులో వారి నాటకము ‘ఇన్ డహోమీ’ ప్రదర్శితమయ్యెను. సంగీతము విల్ మారియన్ కుక్కు, పాటలు కవి పాల్ లారెన్సు డన్బరు, కథ జెస్సి షిప్పు, అందరును నల్లవారే. పూర్తిగా నల్లవారు వ్రాసి, కూర్చి, ఆడిన సంగీతనాటకము బ్రాడ్వేలోని పెద్ద శాలలో నిండుగా ప్రదర్శింపబడుట అదియే ప్రథమము. నల్లవారు తిరుగబడుదురేమోనని మొదటి రాత్రికి ముందు కొన్ని పత్రికలు భయము వెలిబుచ్చినవి. అట్టిదేమియు జరుగలేదు. వేదికమీద నల్లవారు, క్రింది కుర్చీలలో తెల్లవారు, పైన గ్యాలరీలో టిక్కెట్టు కొని వచ్చిన నల్లవారు. అందరును నవ్విరి. 53 ప్రదర్శనములైన పిమ్మట మేళమంతయు ఇంగ్లండునకు ఓడ యెక్కెను.

లండనులో వసంతకాలమున మొదలైన ఆట నెలల తరబడి సాగెను. జూన్ 23వ తేదీన రాజకుటుంబపు బాలుని తొమ్మిదవ పుట్టినదినమునకు బకింగ్‌హాం భవనపు తోటలో ఆడుటకు వారికి పిలుపు వచ్చెను. ఆ బాలుడే తరువాత ఎనిమిదవ ఎడ్వర్డు. అమెరికాలో క్రింది కుర్చీలో కూర్చుండుటకు అర్హత లేని జాతివారు సమ్రాట్టు ఎదుట కేక్‌వాక్ ఆడిరి. 1904లో ఎడింబరో నగరమున ఫ్రీమేసను సంఘమువారు విలియమ్సును తమలో చేర్చుకొనిరి. అమెరికాలోని తెల్లవారి శాఖలలో ఇది జరుగు పని కాదు.

తిరిగి వచ్చిన పిమ్మట ‘అబిస్సీనియా’ 1906లోను, ‘బండానా లాండ్’ 1908లోను ఆడిరి. ఈ సంవత్సరములలోనే విలియమ్సు హాస్యము పండెను. వాకరు తళుకుబట్టలతో, బంగారు గొలుసుతో, నోటి చివర నవ్వుతో వచ్చును. విలియమ్సు చాలీచాలని కోటుతో, పడవలవంటి బూట్లతో, ఏదో విపత్తు తనకొరకే ఎదురుచూచుచున్నదని ఎరిగినవానివలె నెమ్మదిగా వచ్చును. ఒడలి తేటచాయ కనబడకుండ చేతులకు తొడుగులు. ఆయన పరుగెత్తడు, పడడు, అరవడు. ఇతరులు నూరు గంతులతో సాధింపలేని నవ్వును ఆయన ఒక్క కనుబొమ్మ ఎత్తి సాధించును. ‘నోబడీ’ యను పాటకు ఆయన స్వయముగా స్వరము కూర్చెను. మాటలు ఆలెక్సు రాజర్సువి. కష్టములలో తనకు తోడెవ్వరును రాలేదని యొకడు చెప్పుకొను పాట యది. పాడుటకు ముందు జేబులోనుండి ఒక చిన్న పుస్తకము తీసి, పుట వెంబడి పుట తిప్పి వెదకి వెదకి పాడుచుండెను. 1906లో దానిని కొలంబియా కంపెనీవారు రికార్డు చేసిరి. అది ఎంతగా ప్రాకిపోయెననగా, ఎక్కడికి పోయినను జనులు అదియే అడుగుచుండుటచే ఆయనకే దానిమీద విసుగు పుట్టెను.

‘బండానా లాండ్’ నాటకముననే పోకరు ఆటను ఆయన ప్రవేశపెట్టెను. పేకముక్కలు లేవు, బల్ల చుట్టును మనుష్యులు లేరు. ఆయనయొక్కడే కూర్చుండి ముక్కలు కలిపి పంచును. తనకు వచ్చిన ముక్కలను ఒక్కొక్కటిగా విప్పిచూచి సంతోషించును. సంతోషము పైకి తెలియకుండ దాచును. పందెము పెంచును. ఎదుటివాడు ఇంకను పెంచును. ముఖము మీద అనుమానము నీడవలె పాకును. తుదకు సర్వము పోవును. ఒక్క మాట లేదు. మసిక్రింద అన్ని భావములు ఎట్లు కనబడెనో చూచినవారికే ఆశ్చర్యము.

1909 ఆరంభమున వాకరు జబ్బుపడి రంగస్థలమును విడిచెను. మాట తడబడి, పాట మరచిపోవు జబ్బు అది. అతని భార్య ఏడా ఓవర్టను వాకరు గొప్ప నర్తకి. కొంతకాలము ఆమెయే భర్త దుస్తులు ధరించి భర్త పాటలు పాడి ఆట నిలిపెను. ఆ దృశ్యమునకు ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరి. విలియమ్సు పక్కననే నిలిచి హాస్యమాడవలసియుండెను. 1911 జనవరిలో వాకరు మరణించెను. పదునారేండ్ల జంట అట్లు విడిపోయెను. లెక్కలు చూచుట, శాలల యజమానులతో పోరాడుట, జాతిహక్కుల మాట ఎత్తుట వాకరు పని. విలియమ్సు మితభాషి. ఇప్పుడు ఆ పోరాడు నోరు పోయెను. ఒంటరిగా ఆడిన ‘మిస్టర్ లోడ్ ఆఫ్ కోల్’ అంతగా నిలువలేదు.

1910లో ఫ్లోరెంజు జీగ్‌ఫెల్డు తన ‘ఫాలీస్’ ప్రదర్శనమునకు విలియమ్సును పిలిచెను. ఆడంబరమునకు ఆనాడు దానిని మించినది లేదు. నటులందరును తెల్లవారు. నల్లవాడు వచ్చినచో మేము వెళ్లిపోదుమని కొందరు బెదరించిరనియు, ఎవరు పోయినను సరే విలియమ్సు ఉండునని జీగ్‌ఫెల్డు బదులు చెప్పెననియు ప్రతీతి. ఒడంబడికలో విలియమ్సు కోరి వ్రాయించుకొన్న షరతులున్నవి: వేదికపై తెల్లస్త్రీతో తాను ఒంటరిగా నుండరాదు, దక్షిణ రాష్ట్రములకు తన్ను తీసికొనిపోరాదు. నటుడు వేతనము కొరకు షరతులు పెట్టుట ఎరుగుదుము. ప్రాణము కొరకు పెట్టినవాడు ఈయనయే కాబోలు!

ఈ నిర్ణయమును నల్లవారందరు మెచ్చలేదు. ఆయన తప్పుకొనుటతో స్వంత మేళము చెదరెను. ఎందరో నటులకు పని పోయెను. మరల 1921లో ‘షఫుల్ అలాంగ్’ వచ్చువరకు బ్రాడ్వేలో నల్లవారి సంగీతనాటకము అట్టి విజయమును చూడలేదు. మరియొక ప్రక్క, తాను చేసినదానికంటె విలియమ్సు తన జాతికి ఎక్కువ మేలుచేసెనని బుకర్ వాషింగ్టను 1910లో వ్రాసెను. రెండు మాటలలోను నిజమున్నది. తెల్లవారి నడుమ నల్లవాడొకడు సమానముగా, పలుమారు అధికముగా నిలిచి చూపెను. కాని ఆయన వేసినవి పోర్టరు, జూదరి వేషములే.

అయితే ఆ వేషములలోనే ఆయన చేసిన సాహసములు కొన్ని కలవు. 1911 ఫాలీసులో నొక ప్రహసనము ఆడిరి. న్యూయార్కున గ్రాండ్ సెంట్రల్ రైలుస్టేషను అప్పుడు కట్టుచుండిరి. విలియమ్సు పోర్టరు. లియాన్ ఎరాలు అను తెల్లనటుడు ప్రయాణికుడు. ఆకాశమునంటు ఇనుపదూలముల మీద ఆ దొరను నడిపించుకొనిపోవలయును. ఇరువురికిని నడుమ ఒక త్రాడు. దొర జారినప్పుడెల్ల పోర్టరు త్రాడు లాగి కాపాడును. తుదకు దొర తనకు ఇయ్యబోవు టిప్పు అయిదు సెంట్లేనని తెలిసినప్పుడు పోర్టరు త్రాడును మెల్లగా విడిచిపెట్టును. శాలలోని తెల్లవారందరును కడుపుబ్బ నవ్విరి. నవ్విన తరువాత ఎందరు ఆలోచించిరో గాని, నల్లవాని చేతిలో తెల్లవాని ప్రాణమును పెట్టి, దానిని అయిదు సెంట్లకు తూచి చూపుట ఆ రోజులలో నవ్వు ముసుగు లేక సాధ్యమగు పని కాదు.

తరువాతి యేండ్లలో ఎడ్డీ కాంటరు, డబ్ల్యు. సి. ఫీల్డ్సు వంటివారు ఆయనతో ఆడి ఆయనవద్ద నేర్చుకొనిరి. 1917లో కాంటరు ఆయన కుమారుని వేషము కట్టెను. ప్రయాణములలో జరిగిన యొక సంగతిని కాంటరు చెప్పుచుండెను. ఆట ముగిసిన తరువాత తెల్లనటులు హోటలు ముందుద్వారమున పోవుదురు. విలియమ్సు వెనుకద్వారమున సామానుల లిఫ్టు ఎక్కవలయును. అదియు సహింతును గాని, చప్పట్ల మ్రోత ఇంకను చెవులలో వినబడుచుండుటయే బాధగా నున్నదని ఆయన అనెనట. నల్లవాడై పుట్టుటలో అవమానమేమియు తనకు కనబడలేదు గాని అమెరికాలో అది తరచు అసౌకర్యముగ నుండెనని ఆయన వ్రాసిన మాట కూడ ఇట్టిదే. ఆ చిన్న మాటను ఏరుకొనుటలోనే ఆయన హాస్యమంతయు నున్నది.

ఇంట నాయన వేరు మనిషి. హార్లెములో భార్య లొట్టీతో కాపురముండెను. బిడ్డలు లేరు. లొట్టీ సోదరి మరణింపగా ఆమె కుమార్తెలు ముగ్గురిని తెచ్చి పెంచుకొనిరి. పుస్తకములన్న ఆయనకు ప్రాణము. వోల్టేరు, కాంటు, డార్విను, మార్కు ట్వేను గ్రంథములు ఆయన అలమారులో నుండెడివి. 1670లో లండనున అచ్చయిన జాన్ ఓగిల్బీ రచన, ఆఫ్రికా వర్ణనమును గూర్చిన పెద్ద సంపుటము, ఆయనకు మిక్కిలి ప్రియమైనది. రైలుబండ్లలో పడకలు సర్దు ప్రతి నల్లపోర్టరును ఏదో రాజవంశమువాడేనని ఈ గ్రంథముతో ఋజువు చేయగలనని మిత్రునికి జాబు వ్రాసెను. రాత్రి పోర్టరు వేషము కట్టి వచ్చి, పగలు ఆ గ్రంథము తిరగవేయు మనిషిని తలచుకొన్నచో ఆయన జీవితము మన కన్నులకు కట్టును.

గంభీరపాత్ర నొకదానిని ధరింపవలెనని, నవ్వుచున్నవారిని అదే నిమిషమున ఏడిపింపవలెనని ఆయన కోర్కె. అది తీరలేదు. 1919 ఆగస్టులో న్యూయార్కు నటులు సమ్మె చేసిరి. ఆ రాత్రి విలియమ్సు యథాప్రకారము శాలకు వచ్చి, మసి పూసికొని, దుస్తులు ధరించి బయటికి వచ్చి చూడగా శాలంతయు చీకటి, ఒక్కరును లేరు. సమ్మె సంగతి ఆయనకు ఎవ్వరును చెప్పలేదు. నటుల సంఘమున ఆయన సభ్యుడు కాడు, యజమానుడును కాడు. తాను ఏ పక్షమువాడనో తనకే తెలియలేదని ఫీల్డ్సుతో చెప్పుకొనెను. తోడెవ్వరును లేరన్న పాట ఆయనదే గదా.

ఆ యేటితో ఫాలీసును విడిచెను. ఆరోగ్యము తగ్గెను. అయినను 1921 చివర ‘అండర్ ది బాంబూ ట్రీ’ యను నాటకముతో బయలుదేరెను. మేళమున తక్కినవారు తెల్లవారు, ప్రధానపాత్ర ఆయనది. తాను మానినచో వారందరికి పని పోవునని జ్వరముతోనే ఆడెను. 1922 ఫిబ్రవరి 27వ తేదీన డెట్రాయిటులో వేదికమీదనే కూలబడెను. అదియు హాస్యమేననుకొని జనులు నవ్విరట. మొదట మసి పూసికొన్న ఊరును అదియే. మార్చి 4వ తేదీన న్యూయార్కులో తన ఇంట మరణించెను. వయస్సు 47. స్కాట్లండు మేసనుల కోర్కెపై న్యూయార్కు తెల్లవారి శాఖవారు ఉత్తరక్రియలు జరిపిరి. ఉడ్‌లాన్ శ్మశానమున ఆయనను పాతిపెట్టిరి.

చలనచిత్రముల మాట చివరకు మిగిల్చితిని. 1916లో బయోగ్రాఫ్ కంపెనీవారికి ఆయన రెండు పొట్టిచిత్రములలో నటించెను. వానిలో ‘ఎ నేచురల్ బార్న్ గాంబ్లర్’ అనుదానియందు చెరసాలలో నొంటరిగా కూర్చుండి ఆడు పోకరు ఆట నేటికిని చూడవచ్చును. చిరకాలము ఆయన చిత్రములనిన అవియే అనుకొనిరి. కాని అంతకు మూడేండ్లు ముందే, 1913లో, మరియొక పెద్దచిత్రము తీసిరి. హార్లెమునుండి నల్లనటులు పెక్కుమంది వచ్చిరి. అది పూర్తికాక మూలబడెను. 1939లో బయోగ్రాఫ్ కంపెనీవారి పాత నెగెటివు డబ్బాలు న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్టునకు చేరినప్పుడు, వానితో ఏడు రీళ్లు పేరులేకుండ వచ్చి పడినవి. డెబ్బదియేండ్లకు పైగా గడచిన తరువాత మ్యూజియమువారు శ్రమించి వానిని గుర్తించి, కూర్చి, 2014లో ప్రదర్శించిరి. ‘లైమ్ కిల్న్ ఫీల్డ్ డే’ యని దానిని పిలుచుచున్నారు.

కథ స్వల్పము. ఊరి సుందరి కొరకు ముగ్గురు పోటీపడుదురు. అందులో విలియమ్సు గెలుచును. చూడవలసినది కథ కాదు. అందులో విలియమ్సు ఒక్కడే మసిముఖముతో నున్నాడు. తక్కినవారందరును తమ స్వంతముఖములతో, మంచి బట్టలతో, జాతరలో గిరగిర తిరుగు గుఱ్ఱపుబొమ్మల మీద కూర్చుండి, కేక్‌వాక్ ఆడుచు, నవ్వుచు కనబడుదురు. ఆయన యొక్కడు మసి మోయుటచే వారందరికిని అది తప్పెనేమో యనిపించును. ఓడెస్సా వారన్ గ్రే ఆయనకు నాయిక. ఇంటిగుమ్మమున ఇరువురును ముద్దుపెట్టుకొందురు. అది వెక్కిరింత కాదు, రోత కాదు. ఇద్దరు మనుష్యుల అనురాగము. నల్లజంటను అట్లు చూపుట ఆ కాలపు తెరమీద కానరాదు.

చిత్రము పూర్తికాలేదు గనుక, కత్తిరించి పారవేయవలసిన తునకలు గూడ మిగిలిపోయినవి. అందుచేత దృశ్యమునకు దృశ్యమునకు నడుమ తిరుగుచున్న కెమెరా పట్టినవి కొన్ని కలవు. తెల్లదర్శకుడు ఏదో చెప్పుచుండును. నటులు గుమిగూడి నిలిచియుందురు. వారి నడుమ విలియమ్సు, నోటిచుట్టును ఆ రంగు అట్లే యుండగా, వేషము వదలి, తలయొగ్గి శ్రద్ధగా వినుచుండును.